నూనె అంటిన అక్షరాలు

ఆండాళ్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని పార్సిప్పనీ ఊళ్లో ఆవిడను ఎరిగినవాళ్లంతా అంటారు. ఆ మాట చెవిన పడినా ఆవిడ కాదనదు. ఆస్పత్రిలో పాథాలజిస్టుగా పనిచేసే రోజుల్లో, ఒక పెద్ద సర్జన్ శాంపిల్ సీసా మీద రోగి పేరు లేకుండా కిందికి పంపిస్తే, ఆ సీసా చేత్తో పట్టుకుని ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా వెళ్లి నలుగురి ముందూ కడిగేసిన మనిషి. ఆవిడ రిటైరైన రోజున భర్త శ్యామ్‌సుందర్, ఇక ఇంట్లో కోప్పడ్డానికి తానొక్కడే మిగిలానని స్నేహితులకు చెప్పుకుని నవ్వాడు. తప్పు చేసినవాళ్ల మీదే కోప్పడతాను కాబట్టి మీకేం భయం లేదని ఆవిడ అక్కడే జవాబు చెప్పింది.

ఆవిడ యూదుల మార్మిక విద్య నేర్చుకోవడానికి వెళ్లిందీ ఒక రకంగా కోపంతోనే. ఒక చలికాలం, తీసుకున్న పుస్తకాలు తిరిగి ఇవ్వడానికి టౌన్ లైబ్రరీకి వెళితే, పక్కగదిలో ఒక ముసలావిడ తెల్లబోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలు రాస్తూ కనిపించింది. తలుపు మీద 'యూదు మార్మికత, దాని పవిత్ర గ్రంథాలు: తొలి పరిచయం, అందరికీ ఉచితం' అని కాగితం అంటించి ఉంది. లోపల కుర్చీలన్నీ ఖాళీ. ఒకే ఒక్క పెద్దమనిషి వెనక వరసలో, హీటర్ పక్కన, గడ్డం గుండెకు ఆనించి నిద్రపోతున్నాడు. ఆ ముసలావిడ మాత్రం గది నిండా జనం ఉన్నట్టే, రాసిన ప్రతి అక్షరాన్నీ వెనక్కి జరిగి చూసుకుని, సరిగ్గా రాకపోతే చెరిపి మళ్లీ రాస్తోంది. ఇంత ఊళ్లో ఒక్కరికీ తీరిక లేకపోయిందా అని ఆండాళ్‌కి ఒళ్లు మండింది. కోటు విప్పి ముందు వరసలో కూర్చుంది.

ఆ ముసలావిడ పేరు ద్వోరా లిష్నర్. ఎనభై దాటిన మనిషి. జీవితమంతా చిన్నపిల్లలకు హీబ్రూ చెప్పిన టీచరు. ఎముకలు తేలిన చేతులు, మోకాళ్ల దాకా జారే ఊదారంగు స్వెట్టరు, గొంతులో మాత్రం తరగతి గది చివరి బెంచీ దాకా వినబడే ఖంగు.

మా వాళ్ల లెక్కలో దేవుడు లోకాన్ని మట్టితోనో నీళ్లతోనో చెయ్యలేదు, అక్షరాలతో చేశాడు అని ఆవిడ మొదలుపెట్టింది. ఇరవై రెండు అక్షరాలు, పది అంకెలు. అంతే సరంజామా. అందులో మొదటి అక్షరం అలెఫ్‌కి తనదంటూ శబ్దం లేదు. మాట పుట్టబోయే ముందు గొంతు తెరుచుకోవడమే ఆ అక్షరం. ఆ మాట విన్నప్పుడు ఆండాళ్‌కి కుర్చీ ఇంకా ముందుకు జరుపుకోవాలనిపించింది. మా భాషలో అక్షరం అంటేనే నశించనిది అని అర్థం అని తాను చెప్పింది. ద్వోరా మార్కర్ ఆపేసి, ఆ మాట మళ్లీ అనమని అడిగి, చిన్నపిల్లలా పెదవులతో పలికి చూసుకుంది.

అలా ప్రతి మంగళవారం సాగింది. హీటర్ పక్కన నిద్రపోయే పెద్దమనిషి వసంతం రాగానే మానేశాడు. ఆండాళ్ మానలేదు. నెమ్మదిగా ఆవిడకు ఆ దారి తెలిసింది. దేవుడి మూల స్థితికి వాళ్లు పేరు పెట్టరు. 'అంతు లేనిది' అని మాత్రం అంటారు. దాని గురించి ఇది అని కాని, ఇలాంటిది అని కాని చెప్పకూడదు. ఆ అంతు లేనిది లోకానికి చోటివ్వడం కోసం తనలోకి తాను ముడుచుకుంది. ముడుచుకోగా ఏర్పడ్డ ఖాళీలోకి వెలుగును పంపింది. పది పాత్రల్లోకి పంపితే వాటిలో కొన్ని ఆ వెలుగును మొయ్యలేక పగిలిపోయాయి. పెంకులతో పాటు ఆ వెలుగు రవ్వలు లోకమంతా చెల్లాచెదురయ్యాయి. చేసే ప్రతి మంచిపనితో ఒక్కొక్క రవ్వనూ ఏరి మళ్లీ పైకి చేర్చడమే మనిషి పని.

గ్రంథాల గురించి ద్వోరా ఇంకా జాగ్రత్తగా చెప్పేది. అక్షరాల గురించిన చిన్న పుస్తకం చాలా పాతది, దాన్ని ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. పెద్ద గ్రంథం స్పెయిన్‌లో, ఏడెనిమిది వందల ఏళ్ల కిందట బయటపడింది. అరామిక్ అనే పాత భాషలో ఉంటుంది. అంతకు వెయ్యేళ్ల ముందటి ఋషి రాశాడని భక్తులు నమ్ముతారు. కాదు, బయటపెట్టినవాళ్లే రాశారని పండితులంటారు. "రెండూ చెప్తాను. ఏదో ఒకటే చెప్తే అబద్ధం చెప్పినట్టు" అనేది ద్వోరా. తన ఇల్లు ఇదీ అని ఎవరైనా చూపిస్తే గోడ మీది పగులు కూడా చూపించాలన్నది ఆవిడ పద్ధతి. ఆ పద్ధతి ఆండాళ్‌కి నచ్చింది.

నచ్చనిది ఒకటుంది. ద్వోరా చిన్నప్పుడు బ్రూక్లిన్‌లో వాళ్ల నాన్న రాత్రి భోజనాలయ్యాక మగపిల్లలను కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడట. మామూలు పుస్తకాలు తీసినంతసేపూ వంటింటి తలుపు తెరిచే ఉండేది. మార్మిక గ్రంథం తియ్యగానే లేచి వచ్చి ఆ తలుపు వేసేవాడు. లోపల అంట్లు తోముతూ ద్వోరా కుళాయి సన్నగా తిప్పుకుని చెవి ఒగ్గి వినేది. ఆయన పోయాక అన్నదమ్ములు గోడగడియారమూ భోజనాల బల్లా పంచుకున్నారు. పుస్తకాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఆవిడ వాటిని తెచ్చుకుని నలభయ్యో ఏట మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది.

మీ నాన్నగారు ఇప్పుడు నా ఎదురుగా ఉంటే అడిగేదాన్ని అని ఆండాళ్ పళ్లు కొరికింది. నేను రోజూ అడుగుతూనే ఉన్నాను అని ద్వోరా నవ్వింది.

ఇలా రెండేళ్లు గడిచాక వాసుదేవరావు ఫోన్ చేశాడు. ఆయన మైత్రీ తెలుగు వేదికకు అధ్యక్షుడు. ఫార్మా కంపెనీలో డైరెక్టరుగా చేసి రిటైరైన మనిషి, మంచి మాటకారి. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు కారేసుకుని వచ్చేది ఆయనే. అది కాదనలేం. ఆయన వేదిక తరఫున సర్వమత సభ పెడుతున్నాడు. ఆండాళ్ ఎవరో యూదు పెద్దావిడ దగ్గర ఏదో నేర్చుకుంటోందని శ్యామ్‌సుందర్ ద్వారా విన్నాడు. వాళ్లలోనూ మిస్టిసిజం ఉందా అని ఆశ్చర్యపోయి, ఆవిడను తీసుకొచ్చి ఒక ఇంట్రడక్షన్ ఇప్పించమని అడిగాడు. శనివారం మధ్యాహ్నం అన్నాడు.

శనివారం వాళ్లకు విశ్రాంతి దినమనీ, ఆ రోజు ఆవిడ కారెక్కదనీ ఆండాళ్ చెప్పింది. ఒక్క శనివారానికి అడ్జస్ట్ కాలేరా అని ఆయన నసిగాడు. మన ఏకాదశి రోజున వాళ్లు విందుకు పిలిచి ఒక్క ఏకాదశికి అడ్జస్ట్ కాలేరా అంటే ఎలా ఉంటుందండీ అని ఆండాళ్ అడిగింది. సభ ఆదివారానికి మారింది.

ద్వోరా సంబరపడిపోయింది. లైబ్రరీ గదిలో ఖాళీ కుర్చీలకు పాఠం చెప్పిన మనిషికి వందకు పైగా జనం ముందు మాట్లాడమంటే మాటలా? రెండు వారాల పాటు ఆవిడ ప్రసంగం రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. అందరికీ పంచడానికి ఒక కాగితం తయారుచేసింది. ముందువైపు ఆ పది పాత్రలను చూపించే పది గుండ్రాల చెట్టు, ఒక్కొక్క గుండ్రం పక్కన దాని పేరు. వెనకవైపు తండ్రి పుస్తకాల్లోని ఒక పాత పుట నకలు. అక్కడే ఆవిడ ఆగిపోయింది.

ఆ పుటలో దేవుడి పేరుంది. నాలుగక్షరాల పేరు. వాళ్లు దాన్ని పైకి పలకరు, చదివేటప్పుడు కూడా మరో మాటతో దాటిపోతారు. ఆ పేరున్న కాగితాన్ని చింపరు, పారెయ్యరు. చిరిగిపోయిన పుస్తకాలనయినా పోగుచేసి, మనిషిని పాతిపెట్టినట్టే శ్మశానంలో పాతిపెడతారు. ఆ పేరున్న చోట చుక్కలు పెట్టి ఇద్దామా అని ద్వోరా చాలాసేపు తటపటాయించింది.

"మీరు నిశ్చింతగా ఇవ్వండి" అంది ఆండాళ్. "మా వాళ్లు పొరపాటున కాగితానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకుంటారు. చదువంటే మాకు దేవత. పూచీ నాది."

ఆ పూచీ నమ్మి ద్వోరా ఆ పుటను ఉన్నదున్నట్టుగా నకలు తీయించింది.

సభ ఒక హైస్కూలు కెఫెటీరియాలో జరిగింది. ద్వోరాకు మొదట ముప్పావుగంట అన్నారు. వెళ్లేసరికి పిల్లల డాన్సులు పెరిగాయి. స్పాన్సర్లకు శాలువాలు పెరిగాయి. ద్వోరా చెప్పే విద్య పేరే తగిలించి 'కబ్బాలా ఎనర్జీ హీలర్' అని బ్యానరు పెట్టుకుని ఎడిసన్ ఊరి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. మణికట్టుకు ఎర్రదారం కట్టుకుంటే వీసా కష్టాలు తీరతాయని చెబుతూ గుమ్మం పక్కన బల్ల వేసుకుని అమ్ముతున్నాడు. ఇది మా సంప్రదాయంలోదే అంటారు కాని, మా అమ్మమ్మ దిష్టి తగలకుండా కట్టే దారాన్ని డబ్బాలో పెట్టి అమ్మడం నేనెప్పుడూ చూడలేదు అని ద్వోరా నెమ్మదిగా అంది. ఆండాళ్ వాసుదేవరావును పక్కకు పిలిచి ఇదేమిటని అడిగింది. ఆడియన్స్‌కి కాస్త ఇంటరెస్టింగ్‌గా ఉంటుందని పిలిచామండీ, అయినా సబ్జెక్ట్ ఒకటేగా అన్నాడాయన.

ద్వోరాకు చివరికి పావుగంట దక్కింది. ఆ పావుగంటలో ఆవిడ ఎంత బాగా మాట్లాడిందో! కాగితం ఎత్తి చూపించి, చెట్టు వేళ్లు పైనా కొమ్మలు కిందా ఎందుకున్నాయో చెప్పింది. అంతు లేనిది ముడుచుకోవడాన్ని, పసిపిల్లవాడు తనంతట తాను అడుగు వెయ్యాలని తల్లి రెండడుగులు వెనక్కి జరగడంతో పోల్చింది. పిల్లవాడికి అది దూరమనిపిస్తుంది, కాని అది ప్రేమే అంది. అప్పుడు కెఫెటీరియాలో సెల్‌ఫోన్లు కిందికి దిగాయి. చివర్లో ఆవిడ చేతులు జోడించి మరీ చెప్పింది: ఈ కాగితం వెనకవైపు మేము పలకని పేరు ఉంది, కావాలనుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లి దాచుకోండి, అక్కర్లేనివాళ్లు గుమ్మం దగ్గర పెట్టిన అట్టపెట్టెలో వెయ్యండి, దయచేసి పారెయ్యకండి.

స్మృతి అనే అమ్మాయి లేచి ప్రశ్న అడిగింది. ఇక్కడే పుట్టి పెరిగి, రట్గర్స్ యూనివర్సిటీలో చదువుకుంటున్న పిల్ల. ఆ పాత్రలు పగలడం దేవుడి పొరపాటా, లేక ప్లానా అని అడిగింది. ద్వోరా మొహం వెలిగిపోయింది. జవాబు చెప్పబోయేలోపు వాసుదేవరావు మైకందుకున్నాడు. టైమ్ లేదన్నాడు.

ధన్యవాదాలు చెబుతూ ఆయన ఇంగ్లీషు వదిలి తెలుగులోకి దిగాడు. ఈవిడ చెప్పినవన్నీ మనకు తెలిసినవే అన్నాడు. అంతు లేనిది మన పరబ్రహ్మమే, వాళ్ల అబ్రహామ్ మన బ్రహ్మే, ఆయన భార్య సారా మన సరస్వతే, ఇదంతా మన దగ్గర్నుంచి ఒంటెల మీద వెళ్లిందే, పాపం వాళ్లకు ఆ సంగతి తెలియదు అన్నాడు. హాలంతా నవ్వులు, చప్పట్లు. ఆ నవ్వులు తనను మెచ్చుకుంటున్నందుకే అనుకుని ద్వోరా కూడా నవ్వి తల వంచింది. ఆయన ఏమంటున్నాడని ఆండాళ్‌ని అడిగింది. థాంక్స్ చెబుతున్నాడని ఆండాళ్ అంది. ఆ అబద్ధం చెప్పినందుకు ఆవిడ చెంపలు కాలిపోయాయి.

అక్కడితో ఆగినా ఆవిడ దిగమింగుకునేదేమో.

ఫలహారాలకు లేచారు. వేడి మిరపకాయ బజ్జీలు, పునుగులు. పేపర్ ప్లేట్లు చాలలేదు. వడ్డించే బల్ల దగ్గర ఎవరికో బుద్ధి పుట్టి, పంచగా మిగిలిన కాగితాల కట్ట అందుకుని, ఒక్కొక్క కాగితంలో రెండేసి బజ్జీలు పెట్టి చేతికివ్వడం మొదలుపెట్టారు. వరసలో ముందున్నవాళ్లు అలాగే అందుకున్నారు. చేతిలో అంతకుముందే కాగితం ఉన్నవాళ్లు దాన్నే మడిచి ముందుకు చాపారు. తిన్నవాళ్లు నూనె చేతులు దాంతోనే తుడుచుకుని, ఉండచుట్టి నల్లటి చెత్తసంచుల్లోకి విసురుతున్నారు. ఒక పెద్దమనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ కింద పడ్డ చట్నీ మీద ఒక కాగితం వేసి బూటుతో తుడిచాడు. అక్కడున్నవాళ్లలో ఎందరు సరస్వతీ పూజనాడు పీట మీద పెట్టిన పుస్తకం దించనివాళ్లో!

వాళ్ల మత నియమం వల్ల ద్వోరా ఆ తిండి ముట్టదు. సంచిలో తెచ్చుకున్న యాపిల్ తీసుకుని గోడవార నుంచుని ఉంది. ఆండాళ్ ఆవిడ కోసం కుర్చీ వెతికి తెచ్చేసరికి, ద్వోరా యాపిల్ కిటికీ మీద పెట్టేసి, వంగి కిందనుంచి ఒక కాగితం ఏరుకుంది. విప్పి, స్వెట్టర్ చెయ్యి కిందికి లాక్కుని నూనె అద్దుతోంది. నూనె ఇంకా పరుచుకుంటోందే కాని పోవడం లేదు. ఆ నాలుగక్షరాలూ కాగితం రెండోవైపుకు కూడా ఊరి కనిపిస్తున్నాయి. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. ఆండాళ్ వైపు చూడనైనా చూడలేదు.

పూచీ నాదన్న మాట ఆండాళ్ చెవుల్లో పెద్దగా మోగింది. కుర్చీ అక్కడే వదిలేసి తిన్నగా వేదిక దగ్గరికి వెళ్లింది. వాసుదేవరావు ఎవరితోనో ఫోటో దిగుతున్నాడు. ఆవిడ మైకు తీసి స్విచ్ వేసింది.

"అందరూ తినడం ఆపండి" అంది తెలుగులో. గొంతు పెంచలేదు. అయినా బజ్జీల బల్ల దగ్గర చేతులు ఆగాయి. "మీ చేతుల్లో ఉన్న కాగితం తిప్పి చూడండి. దాని మీద దేవుడి పేరుంది. పారెయ్యొద్దని ఆ పెద్దావిడ చేతులు జోడించి చెప్పి గంట కూడా కాలేదు. మన దేవుడి ఫోటో ఉన్న కేలండర్‌లో ఇక్కడివాళ్లెవరైనా మాంసం చుట్టి మన చేతికిస్తే ఏం చేసేవాళ్లం? ఈపాటికి పిటిషన్లు రాసేవాళ్లం, టీవీ వాళ్లను పిలిచేవాళ్లం. ఆవిడ అక్కడ గోడవార నుంచుని స్వెట్టర్‌తో నూనె తుడుచుకుంటోంది."

వాసుదేవరావు గబగబా వచ్చి, చిన్న విషయం మేడమ్, మైకివ్వండి, మనం మనం మాట్లాడుకుందాం అన్నాడు. ఆవిడ ఇవ్వలేదు.

"చిన్న విషయమే. అబ్రహామ్ బ్రహ్మ అయిపోవడం కూడా చిన్న విషయమే. ఆవిడకు తెలుగు రాదని, ఆవిడ ముందే ఆవిడను చూసి నవ్వాం. ఏం చెప్పారని నన్నడిగితే సిగ్గేసి అబద్ధం చెప్పాను. ఇప్పుడు వెళ్లి నిజం చెప్పాలి. కాగితాలన్నీ ఇక్కడ పెట్టండి. సంచుల్లో వేసినవి కూడా."

కొందరు తలలు వంచుకుని కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. కొందరు ప్లేట్లు వదిలేసి కార్ల వైపు నడిచారు. యూదుల కోసం మనవాళ్లను తిడుతుందేమిటీవిడ అని ఎవరో గట్టిగానే అన్నారు. ఆండాళ్ చెత్తసంచి నేల మీద బోర్లించింది. పట్టుచీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఎంగిలి స్పూన్లూ చట్నీ కప్పుల మధ్య నుంచి కాగితపు ఉండలు ఏరసాగింది. కాసేపటికి పక్కన ఇంకో రెండు చేతులు కనిపించాయి. శ్యామ్‌సుందర్‌వి. ఆయన చొక్కా చేతులు మడిచి ఏరుతున్నాడు. తరవాత స్మృతి వచ్చింది. ఆ పిల్ల కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆంటీ, నేను కూడా దీనిలో పెట్టుకుని తిన్నాను" అంది. "చూడలేదు నేను. ఐ డిడంట్ ఈవెన్ లుక్."

"ఇప్పుడు చూశావుగా. పట్టు, ఆ సంచి పట్టు" అంది ఆండాళ్.

దొరికినన్ని దొరికాయి. కొన్ని కార్లలో ఎక్కి వెళ్లిపోయి ఉంటాయి. నూనె కాగితాలన్నీ అట్టపెట్టెలో సర్ది కారు వెనకసీట్లో పెట్టుకున్నారు. దారిలో ఆండాళ్ ద్వోరాకి అంతా చెప్పింది, ఒంటెల మాటతో సహా. ద్వోరా కిటికీలోంచి చూస్తూ విని, ఆ అమ్మాయి ప్రశ్నకు నేను జవాబు చెప్పనేలేదు అంది.

మర్నాడు వేదిక వాట్సాప్ గ్రూపులో వాసుదేవరావు మెసేజ్ వచ్చింది. నిన్నటి కార్యక్రమం దిగ్విజయం అని మొదలై, అనుకోకుండా ఎవరి మనోభావాలైనా గాయపడి ఉంటే చింతిస్తున్నామని ముగిసింది. కింద వరసగా నమస్కారపు బొమ్మలు. 'ఉంటే' ఏమిటండీ అని ఆండాళ్ జవాబు రాసింది. ఆ సాయంత్రమే ఆయన ఇంటికొచ్చాడు. శ్యామ్‌సుందర్ కాఫీ కలిపి ఇచ్చాడు.

వాసుదేవరావు నిజంగానే నొచ్చుకుని ఉన్నాడు. నలుగురిలో తన పరువు తీశారన్నాడు. ప్లేట్ల సంగతి కుర్రవాళ్లు తెలియక చేసింది, దానికి కావాలంటే సారీ. మిగతాదాంట్లో తప్పేముందో తనకు అర్థం కావడం లేదన్నాడు.

"అన్ని మతాలూ ఒకటేనన్నాను. అది అవమానమెలా అవుతుంది ఆండాళ్ గారూ? అంతకన్నా గౌరవం ఏముంటుంది?"

"ఒకటేనని మీరనలేదండీ. మనదే అసలు, వాళ్లది నకలు అన్నారు" అంది ఆండాళ్. "ఒకటే అయితే మనదే వాళ్ల దగ్గర్నుంచి వచ్చిందని ఒక్కసారైనా అని చూడండి. నోరు రాదు. ఆ పుస్తకాల కోసం వాళ్లను ఊళ్ల నుంచి తరిమారు, పుస్తకాలను బళ్లకెత్తి తగలబెట్టారు. మిగిలినవి గుండెలకు కట్టుకుని సముద్రాలు దాటారు. అవి చదవడానికి ఈవిడ తలుపు వెనక అంట్లు తోముతూ చెవులు రిక్కించింది. ఇదంతా మీరొక్క ముక్కలో మనదేనని జేబులో వేసుకున్నారు. ఆవిడ అంతసేపు చెప్పినదాంట్లో మీరు విన్నదేదైనా ఒక్కటి చెప్పండి."

ఆయన కాఫీ కప్పు చూసుకున్నాడు. చెట్టు గురించేదో చెప్పిందిగా అన్నాడు.

"ఏం చెప్పింది?"

ఆయన లేచాడు. బయటివాళ్ల కోసం ఇన్నేళ్ల స్నేహం పాడు చేసుకుంటున్నారని గుమ్మం దగ్గర అన్నాడు. ఆవిడ నా టీచరండీ, బయటిది కాదు అంది ఆండాళ్. ద్వోరా దగ్గరికి వెళ్లి ఎదురుగా నుంచుని క్షమాపణ అడిగేదాకా తాను వేదిక గుమ్మం తొక్కనంది. ఆయన మెట్లు దిగి వెళ్లిపోయాడు. తలుపేసి వచ్చాక ఇన్నేళ్లలో మొదటిసారి శ్యామ్‌సుందర్, నువ్వు ఇంకొంచెం గట్టిగా అనాల్సింది అన్నాడు.

చలి మొదలయ్యే ముందు ద్వోరా వెళ్లే యూదుల ప్రార్థన మందిరం, సినగాగ్ వాళ్లు పాతబడ్డ పుస్తకాలను పాతిపెట్టే రోజు వచ్చింది. రాక్అవే ఊరు దాటాక కొండవాలులో వాళ్ల శ్మశానం. ఒక మూల గుంట తవ్వి ఉంది. అట్టలూడిన ప్రార్థన పుస్తకాలు, ప్రార్థనప్పుడు చేతికి చుట్టుకునే, చీకిపోయిన తోలుపట్టీలు, పిల్లల చేతుల్లో నలిగిన వాచకాలు, అన్నీ పెట్టెల్లో సర్ది పక్కన పెట్టారు. ఆండాళ్, శ్యామ్‌సుందర్, స్మృతి, వేదికలోంచి ఇంకో నాలుగు కుటుంబాలవాళ్లు వచ్చారు. ద్వోరా ఆ నూనె కాగితాల పెట్టెను ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒంగలేక ఒంగి తానే దించింది. ఒక్కొక్కరూ పిడికెడు మట్టి వేశారు. స్మృతి మట్టి వేసి చెయ్యి దులుపుకోకుండా అలాగే నుంచుంది. ద్వోరా ఆ పిల్లను దగ్గరికి పిలిచి, పాత్రలు పగలడం పొరపాటా ప్లానా అన్నదానికి మా వాళ్లు నాలుగు వందల ఏళ్లుగా కొట్టుకుంటున్నారు, ఇప్పుడు నువ్వూ అందులో చేరావు అంది.

తిరిగి కార్ల వైపు నడుస్తుంటే ఆండాళ్ అడిగేసింది. ఆ రోజు నుంచీ అడగాలని గొంతులో ఉన్న ప్రశ్న.

"మీకు కోపం రాలేదా? ఒక్క మాట అనలేదు మీరు."

ద్వోరా కర్ర మీద బరువు మోపి ఆగింది.

"మా నాన్న, కోపం తెచ్చుకోవడం విగ్రహానికి మొక్కడంతో సమానం అనేవాడు. ఆయన నా మొహం మీద ఆ తలుపు వేసిన ప్రతిసారీ చాలా ప్రశాంతంగా వేశాడు. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నాను, నోరు మూసుకోవడం. నువ్వు ఆ మైకులో ఏమన్నావో ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని నా తరఫున ఒకళ్లు అరవడం ఈ వయసుకు మొదటిసారి విన్నాను."

"నేనరవలేదు" అంది ఆండాళ్. "విగ్రహం మాటకు మాత్రం మీ నాన్నగారి మీద ఇంకోసారి కోప్పడాలి. మా ఇంట్లో పూజగది ఉంది" అంది.

ద్వోరా నవ్వలేదు. అవును, దాని గురించి మనం మాట్లాడుకోవాలి, అది తేలిక మాట కాదు అంది. మాట్లాడుకున్నారు కూడా, వరసగా మూడు మంగళవారాలు. ఒకరి మాట ఒకరికి పూర్తిగా నచ్చలేదు. తరగతి మాత్రం ఆగలేదు. ఇప్పుడు ముందు వరసలో ఆండాళ్ పక్కన స్మృతీ, శ్మశానానికి వచ్చినవాళ్లలో ఇద్దరూ కూర్చుంటున్నారు.

మొన్న ఇండియన్ స్టోర్‌లో గోంగూర కట్టలు ఏరుతుంటే వాసుదేవరావు ఎదురయ్యాడు. బుట్ట ఆపి పలకరించాడు. శ్యామ్‌సుందర్ మోకాలు ఎలా ఉందని అడిగాడు. వచ్చే నెల వేదికలో మళ్లీ సభ ఉందనీ, ఈసారి బౌద్ధం మీదనీ చెప్పాడు. ఆ తరవాత నవ్వుతూనే, ఇంకా కోపమేనా అన్నాడు.

"అవునండీ" అంది ఆండాళ్. "ఆవిడ మంగళవారాలు నాలుగింటి నుంచీ లైబ్రరీలోనే ఉంటుంది. పార్కింగ్ కూడా ఫ్రీ."

ఆయన ఏదో అనబోయి, ఫోన్ మోగితే తీసుకుని బియ్యం బస్తాల వైపు వెళ్లిపోయాడు. ఆండాళ్ గోంగూర ఏరడం ముగించి, తాజా కట్ట ఒకటి పైన పెట్టి కింద వాడినవి దాచినందుకు కౌంటర్లో కుర్రాడిని పిలిచి రెండు మాటలని, కారెక్కింది.